అవిజ్ఞాతార్థం: వైజ్ఞానిక సెమినార్‌లో స్పష్టత, వక్త ధర్మం

విశ్వవిద్యాలయాల విజ్ఞానశాస్త్ర విభాగాల్లో వారం వారం జరిగే పరిశోధక విద్యార్థుల సెమినార్‌కు దాదాపు స్థిరపడిన రూపం ఒకటి ఉంది. ఒక విద్యార్థి యాభై నిమిషాలు తన పనిని గురించి మాట్లాడతాడు. ఎదుట తోటి పరిశోధకులు, ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు ఆచార్యులు కూర్చుంటారు. తొలి పావుగంట గడవకముందే శ్రోతల్లో చాలామంది దారి తప్పుతారు. ఆ సంగతి ఎవరూ పైకి చెప్పరు. తలలు ఊగుతూనే ఉంటాయి. చివర ప్రశ్నలకు పిలుపు వచ్చినప్పుడు ఆచార్యుల్లో ఎవరో ఒకరు అడుగుతారు, వక్త జవాబిస్తాడు, చప్పట్లతోనూ తేనీటితోనూ సభ ముగుస్తుంది. గణితమైనా జీవశాస్త్రమైనా, హైదరాబాదులోనైనా కేంబ్రిడ్జిలోనైనా ఈ దృశ్యంలో పెద్ద భేదం కనిపించదు.

ఈ స్థితిని సాధారణంగా నైపుణ్యలోపంగానే పరిగణిస్తున్నారు. స్లైడ్‌పై ఎన్ని పంక్తులుండాలి, గొంతు ఏ స్థాయిలో ఉండాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అని నేర్పే శిక్షణ తరగతులు పెరిగాయి. వాటి ఉపయోగాన్ని కాదనవలసిన పని లేదు. అయితే ఆ దృష్టిలో ఒక మౌలికమైన ప్రశ్న మరుగున పడుతున్నది. తనకు తెలిసిన విషయాన్ని ఎదుటివారికి తెలియని రీతిలో చెప్పడం కేవలం చేతకానితనమా, లేక నైతికార్థంలో దోషమనదగినది అందులో ఏదైనా ఉందా? వంట కుదరకపోతే వంటవాణ్ణి అధర్మపరుడని ఎవరూ అనరు. కల్తీ చేస్తే అంటారు. అస్పష్టమైన ప్రసంగం ఈ రెండింటిలో దేనికి చేరువ?

వైజ్ఞానిక ప్రసంగంలో స్పష్టత అంటే శ్రోతకు కాదనే అవకాశం ఇవ్వడమని ఇక్కడ ప్రతిపాదన. అర్థం కాని మాటను ఖండించడం ఎవరికీ సాధ్యం కాదు. ఖండించడానికి వీలు లేని చోట లభించిన అంగీకారానికి విలువ కూడా ఉండదు. ఈ దృష్టితో చూసినప్పుడు అస్పష్టత వంటలోపం కంటె కల్తీకే కొంత దగ్గరగా జరుగుతుంది. ఎంత దగ్గరగా అన్నది మాత్రం సందర్భాన్ని బట్టి తేల్చుకోవలసిన విషయం.

శాస్త్రం గుర్తించిన దోషం

ఈ ప్రశ్నను భారతీయ తర్కసంప్రదాయం చాలా ముందుగానే ఎదుర్కొన్నది. గౌతముని న్యాయసూత్రాలు ఐదవ అధ్యాయం రెండవ ఆహ్నికంలో 22 నిగ్రహస్థానాలను, అనగా వాదంలో ఓటమికి కారణమయ్యే సందర్భాలను, నిర్వచిస్తాయి. వాటిలో ఒకటి ‘అవిజ్ఞాతార్థం’. వాది ఒక మాటను మూడుసార్లు చెప్పినా అది పరిషత్తుకూ ప్రతివాదికీ కూడా బోధపడకపోతే ఓడినవాడు వాదియే. ఇక్కడ గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, ఒక్కసారికే దోషం ఆరోపించడం లేదు, మూడు అవకాశాలిచ్చారు. రెండవది, ప్రతివాది ఒక్కడికి అర్థం కాకపోతే చాలదు, సభకు కూడా అర్థం కాకుండా ఉండాలి. సభకు తెలిసి ప్రతివాదికి తెలియకపోతే అది ప్రతివాది ఓటమి అవుతుంది. దానికి ‘అజ్ఞానం’ అని వేరే పేరు ఉంది. అవగాహన భారాన్ని మొత్తంగా ఒకరి నెత్తిన వేయకుండా పంచిన తీరు ఇది.

సూత్రం కంటె వాత్స్యాయనుని భాష్యం మరింత సూటిగా ఉంది. (కామసూత్రకర్త వాత్స్యాయనుడు వేరు.) మాట అర్థం కాకపోవడానికి ఆయన చూపిన కారణాలు మూడు: శ్లిష్టపదాలు, అనగా రెండర్థాలకు చోటిచ్చే మాటలు, ప్రచారంలో లేని ప్రయోగాలు, మితిమీరిన వేగంతో చేసే ఉచ్చారణ. ఈ మూడింటినీ నేటి ఏ సెమినార్ గదిలోనైనా చూడవచ్చు. ఒకే గుర్తును ఒక సమీకరణంలో ఉష్ణోగ్రతకూ మరొక దానిలో కాలానికీ వాడటం శ్లిష్టమే. నిర్వచించకుండా వదిలిన సంక్షిప్తనామాలు అప్రతీతప్రయోగాలే. నలభయ్యో నిమిషంలో ఇరవై స్లైడ్లు మిగిలి ఉన్నప్పుడు మొదలయ్యే పరుగు మూడవది. భాష్యకారుడు అంతటితో ఆగలేదు. ఇలాంటి మాట తన అసమర్థతను కప్పిపుచ్చుకోవడానికి ప్రయోగించినది కనుక అది నిగ్రహస్థానమని హేతువు చెప్పాడు. అస్పష్టతకు శిక్ష ఎందుకన్న ప్రశ్నకు సంప్రదాయం ఇచ్చిన సమాధానం ఈ కప్పిపుచ్చుకోవడంలో ఉంది. శ్రోతకు కలిగిన అసౌకర్యం అక్కడ ప్రస్తావనకే రాలేదు.

అస్పష్టతను ఆయుధంగా వాడవచ్చునన్న ఎరుక చరకసంహితలో దాపరికం లేకుండా కనిపిస్తుంది. విమానస్థానం ఎనిమిదవ అధ్యాయం వైద్యుల చర్చలను రెండు రకాలుగా విభజించింది. స్నేహభావంతో జరిగేది సంధాయ సంభాష. గెలుపు కోసం జరిగేది విగృహ్య సంభాష. రెండవదానిలో పాటించవలసిన యుక్తులు చెబుతూ, చదువు తక్కువైన ప్రత్యర్థిని పెద్ద పెద్ద సూత్రపాఠాలతో, అవగాహన తక్కువైనవాణ్ణి కఠినపదాల వాక్యాలతో, వాక్యాన్ని మనసులో నిలుపుకోలేనివాణ్ణి మెలికలు తిరిగిన దీర్ఘవాక్యాలతో అణచవచ్చునని ఆ గ్రంథం సలహా ఇస్తుంది. సంధాయ సంభాషకు మాత్రం విధించిన నడవడి వేరు: నిర్భయంగా చెప్పాలి, నిర్భయంగా అడగాలి, ఓడిపోతానేమోనని బెదరకూడదు, గెలిస్తే పొంగిపోకూడదు. ఒకే అధ్యాయం ఈ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టడం వల్ల ఒక సంగతి తేటపడుతుంది. కఠినపదాలు, దీర్ఘవాక్యాలు దొర్లుతున్నాయంటే అక్కడ స్నేహచర్చ ముగిసి పోరు మొదలైందని ప్రాచీనులు గ్రహించారు.

సెమినార్ వాదమా, జల్పమా?

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. నైయాయికులు సత్యనిర్ణయం కోసం గురుశిష్యులో, సహాధ్యాయులో చేసే చర్చను వాదమన్నారు. విజయకాంక్షతో చేసేదాన్ని జల్పమన్నారు. వాదంలో నిగ్రహస్థానాలన్నిటినీ ఎత్తి చూపడం సంప్రదాయం కాదు. న్యూనాధికాలు, అపసిద్ధాంతం, హేత్వాభాసాలు వంటి కొన్నింటికే అక్కడ ప్రసక్తి. పరిశోధక విద్యార్థి సెమినార్ వాదస్వభావం కలది అయితే, అవిజ్ఞాతార్థాన్ని అక్కడికి తేవడం సమంజసమేనా?

ఆక్షేపణ బలమైనదే. కాని అది అసలు చిక్కును బయట పెడుతుంది. వాదంలో అర్థం కాని మాటకు మందు తేలిక: మళ్లీ అడగడం. అడిగేవారికి చిన్నతనం లేదు, చెప్పేవారికి నష్టం లేదు. ఆ మందు పనిచేయని చోట చర్చకు వాదమన్న పేరే మిగులుతుంది, స్వభావం జల్పంగా మారిపోతుంది. నేటి సెమినార్ చాలాచోట్ల ఈ స్థితిలోనే ఉంది. నియమావళి ప్రకారం అది నేర్చుకునే వేదిక. విద్యార్థి అనుభవంలో మాత్రం పరీక్ష. ముందు వరుసలో కూర్చున్నవారు రేపు సిద్ధాంతగ్రంథాన్ని పరీక్షిస్తారు, ఉద్యోగానికి సిఫారసు లేఖలు రాస్తారు. తన పనిలో బలహీనమైన చోటేదో వక్తకు తెలుసు. మూడుసార్లు చేయవలసిన ప్రయోగం ఒక్కసారే జరిగి ఉండవచ్చు. నిరూపణలోని ఒక మెట్టును చదవని పత్రం నుంచి అరువు తెచ్చుకొని ఉండవచ్చు. లెక్క చేసిన సాఫ్ట్‌వేర్‌లో ముందే అమర్చి ఉన్న విలువలను ఎందుకని అడగకుండానే వాడి ఉండవచ్చు. ఆ చోటికి వచ్చేసరికి మాట వేగం పెరుగుతుంది, పదం బరువెక్కుతుంది. ‘ఇది అందరికీ తెలిసినదే’ అన్న వాక్యం సాధారణంగా అక్కడే వినపడుతుంది.

దీన్ని కల్తీ అనడం కఠినమే. భయం వల్ల చేసిన దాపరికానికీ లాభం కోసం చేసిన దాపరికానికీ భేదం ఉంది. విద్యార్థి విషయంలో దోషంలో కొంత భాగం భయపెట్టే సభకు చెందుతుంది. అయినా ఫలితం ఒక్కటే: శ్రోత ఏ చోట అనుమానించాలో ఆ చోటే అతనికి కనపడకుండా పోయింది. పని చేసిన విద్యార్థికి కూడా నష్టమే. ఆ బలహీనతను గుర్తించగలవారు ఆ గదిలో ఉండి ఉండవచ్చు. పత్రం అచ్చయిన తరువాత మరెవరో గుర్తించడం కంటె అది మేలయిన స్థితి.

ప్రసంగానికి ముందు

స్పష్టతలోని నైతికాంశం చాలావరకు వేదిక ఎక్కకముందే తేలిపోతుంది. సంస్కృత శాస్త్రగ్రంథాలు ఆరంభంలోనే చెప్పే అనుబంధచతుష్టయం - అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం - ఇక్కడ ఉపకరిస్తుంది. నేటి సెమినార్ ప్రసంగాల్లో విషయానికి లోటుండదు. లోపించేది అధికారి నిర్ణయం. ప్రసంగాన్ని ఎవరి కోసం సిద్ధం చేస్తున్నట్లు? మార్గదర్శకుడి కోసమే అయితే ఆయనకు ఆ పని ముందే తెలుసు. ఆయనకు తెలియని వాక్యం ఒక్కటీ లేని ప్రసంగాన్ని ఆయన మెప్పు కోసం యాభై నిమిషాలు నడపడమంటే తక్కిన శ్రోతల గంటను వారి అనుమతి లేకుండా వాడుకోవడమే. అదే విభాగంలో వేరే సమస్యపై పనిచేస్తున్న రెండవ సంవత్సరపు విద్యార్థిని అధికారిగా ఎంచుకోవడం న్యాయం. ఆ విద్యార్థికి అర్థమైతే ఆచార్యులకూ అర్థమవుతుంది. ఆచార్యులకు అర్థమైనది ఆ విద్యార్థికి కూడా అర్థమవుతుందన్న హామీ లేదు.

వదిలివేయడం రెండవ పని, అన్నిటికంటె కష్టమైనది. గణితవేత్త జాన్ కార్లో రోటా ప్రసంగాన్ని గురించి చెప్పిన పాఠాల్లో మొదటిది, ప్రతి ప్రసంగం ఒకే ఒక్క అంశాన్ని చెప్పాలని. మరొకటి, గడువు దాటరాదని. మైకేల్ ఫారడే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా చేరిన 1813లోనే మిత్రుడు బెంజమిన్ ఆబట్‌కు రాసిన ఉత్తరాల్లో ఉపన్యాసం ఎలా ఉండాలో దీర్ఘంగా చర్చించాడు. గంటకు మించి శ్రోతల శ్రద్ధ నిలవదని అభిప్రాయపడ్డాడు. పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చి, క్రమబద్ధమైన గణితవిద్య లేకుండా విజ్ఞానంలోకి వచ్చిన వ్యక్తికి శ్రోతస్థానం ఎలాంటిదో బాగా తెలిసి ఉండటం సహజం. తరువాతి కాలంలో ఆయన వాచికాభినయ గురువు దగ్గర పాఠాలు కూడా చెప్పించుకున్నాడు.

అయితే ‘ఒకే అంశం’ అన్న సలహా పాటించడానికి అడ్డు వచ్చేది తెలియకపోవడం కాదు, మమకారం. రెండేళ్లు ఒక ఎంజైమ్‌పై పనిచేసిన విద్యార్థికి విఫలమైన ప్రయోగాలు, పక్కదారులు, రాత్రులు మేలుకొని చేసిన కొలతలు అన్నీ తన శ్రమకు సాక్ష్యాలు. వాటిని చూపకపోతే శ్రమ గుర్తింపు పొందదన్న బెంగ ఉంటుంది. అందుకే ప్రసంగం ఫలితాన్ని వదిలి కష్టాల చిట్టాగా మారుతుంది. కోలాచలం మల్లినాథసూరి - మెదక్ ప్రాంతపు కొల్చారం తెలుగువారికిచ్చిన వ్యాఖ్యాత - రఘువంశ వ్యాఖ్యారంభంలో తనకు తాను విధించుకున్న నియమం ఇక్కడ స్మరణీయం. ఆధారం లేనిది రాయనని, అపేక్షితం కానిది చెప్పనని ఆయన ప్రతిజ్ఞ. మొదటి సగాన్ని విజ్ఞానశాస్త్రాలు తమ సొంతంగా భావిస్తాయి. రెండవ సగాన్ని శైలికి సంబంధించిన విషయంగా తోసిపుచ్చుతాయి. మల్లినాథుడు రెండింటినీ ఒకే నియమంగా చెప్పాడు. వ్యాఖ్యాతకు తెలిసినదంతా చెప్పాలనే ప్రలోభం ఎంత ఉంటుందో ఎరిగిన పండితుడి మాట అది. అనపేక్షితమైనదాన్ని పోగుచేస్తే ఆధారం లేనిది ఆ పోగులో దాగగలదు.

గ్రాఫుల విషయంలో ఈ దాగుడు మరింత సులభం. కొలతకు పైనా కిందా గీసే దోషరేఖలు ప్రామాణిక విచలనాన్ని సూచిస్తున్నాయో, ప్రామాణిక దోషాన్ని సూచిస్తున్నాయో చెప్పకుండా స్లైడ్లు చూపడం సర్వసాధారణం. 25 నమూనాలు తీసుకున్నప్పుడు రెండవది మొదటిదానిలో ఐదవ వంతే ఉంటుంది. పొట్టి గీత చూసిన శ్రోత కొలతలన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయనుకుంటాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల అబద్ధం పుట్టింది. నిలువు అక్షం సున్నా నుంచి మొదలు కాకపోవడం, లాగరిథమ్ కొలమానమని మాటవరసకైనా అనకపోవడం, గ్రాఫును పది సెకన్లలో తీసివేయడం ఈ కోవలోవే. గ్రాఫు తెరపైకి రాగానే అడ్డ అక్షం ఏమిటి, నిలువు అక్షం ఏమిటి అని చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం లేదనే వక్త ఆ గ్రాఫును చూపకుండా ఉండటమే మేలు.

పునరుక్తి విషయంలో కూడా న్యాయసూత్రకారుని వివేకం గమనార్హం. పునరుక్తం నిగ్రహస్థానమే. కాని ప్రయోజనంతో మళ్లీ చెప్పే అనువాదానికి మినహాయింపు ఇచ్చారు. చదివేవారు పుట వెనక్కి తిప్పగలరు. వినేవారికి ఆ వీలు లేదు. ప్రధానప్రతిపాదనను మొదట ఒకసారి, నిరూపణ అయ్యాక ఒకసారి చెప్పడం సభలో పునరుక్తి అనిపించుకోదు.

స్పష్టతలోని ప్రమాదం

ఇంతవరకు స్పష్టత మంచిదన్న అభిప్రాయానికి విరుద్ధమైనదేదీ రాలేదు. కాని సులభంగా అర్థం కావడం, ఖండనకు తెరిచి ఉండటం అన్నవి ఒకటి కావు. మొదటిదాన్ని సుబోధత అనవచ్చు. సుబోధమైన ప్రసంగం రెండవదాన్ని మింగివేయగలదు. నోబెల్ పురస్కారగ్రహీత పీటర్ మెడవార్ 1963లో చేసిన రేడియో ప్రసంగంలో వైజ్ఞానిక పత్రం ఒక విధమైన మోసమేనా అని ప్రశ్నించాడు. పత్రంలోని సమాచారం అబద్ధమని ఆయన భావం కాదు. ఆలోచన నిజంగా నడిచిన దారిని పత్రంలోని చక్కని క్రమం తప్పుగా చూపుతుందని ఆయన వాదన. సెమినార్ ప్రసంగానికి ఇది మరింత వర్తిస్తుంది. ‘కథ చెప్పినట్లు చెప్పండి’ అన్న సలహా నేడు ప్రతి శిక్షణలోనూ వినిపిస్తున్నది. కథకు ముగింపు కావాలి. సగంలో ఉన్న పరిశోధనకు ముగింపు ఉండదు. కథ కోసం తెచ్చిపెట్టుకున్న ముగింపు శ్రోతకు హాయినిస్తుంది, సందేహించవలసిన చోటును చెరిపివేస్తుంది.

1935 జనవరి 11న లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో జరిగినది ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇరవై నాలుగేళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, ఒక పరిమితికి మించిన ద్రవ్యరాశి గల నక్షత్రం శ్వేతకుబ్జంగా స్థిరపడలేదని తన లెక్కలతో వివరించాడు. వెంటనే లేచిన ఆర్థర్ ఎడింగ్టన్ ఆ ఫలితాన్ని పరిహాసం చేశాడు. నక్షత్రం ఇంత అసంగతంగా ప్రవర్తించకుండా ప్రకృతినియమం ఏదో ఒకటి అడ్డుపడుతుందని ఆయన వాదం. ఎడింగ్టన్ తన కాలపు ప్రసంగకర్తల్లో అగ్రగణ్యుడు. ఆ రోజు కూడా ఆయన మాట తేటగా, చతురంగా ఉంది, సభను నవ్వించింది. తప్పు మాత్రం ఆయన పక్షాన ఉంది. చంద్రశేఖర్‌కు నోబెల్ పురస్కారం 1983లో వచ్చింది. ఎడింగ్టన్ మాట సుబోధం. కాని చంద్రశేఖర్ లెక్కలో ఏ మెట్టు తప్పో సభ పరీక్షించి చూసుకునే రీతిలో ఆయన వాదం రూపొందలేదు. సభలోని నవ్వు పరీక్ష స్థానాన్ని ఆక్రమించింది.

సెమినార్ గది దాటి వెళితే ఇదే దోషం ప్రాణాల మీదికి వస్తుంది. 2003 జనవరి 16న బయలుదేరిన కొలంబియా వ్యోమనౌక రెక్కకు, ప్రయోగసమయంలో ఊడిన నురగముక్క తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బను అంచనా వేసి అధికారులకు స్లైడ్ల రూపంలో వివరించారు. ప్రమాదంపై జరిగిన విచారణ నివేదిక ఆ స్లైడ్లలో ఒకదాన్ని ప్రత్యేకంగా చర్చించింది. దాని శీర్షిక ధైర్యం కలిగించే ధోరణిలో ఉంది. అట్టడుగు పంక్తిలో అసలు విషయం ఉంది: తగిలిన ముక్క పరిమాణం 1,920 ఘన అంగుళాలని అంచనా, పూర్వపరీక్షల సమాచారం 3 ఘన అంగుళాల ముక్కలకు సంబంధించినది. ఆరు వందల రెట్లకు పైబడిన తేడా. ఆ స్లైడ్ చదివిన ఉన్నతాధికారికి అది ప్రాణాపాయాన్ని గురించినదని తోచకపోవడంలో ఆశ్చర్యం లేదని నివేదిక అభిప్రాయం. ఫిబ్రవరి 1న తిరుగుప్రయాణంలో నౌక విచ్ఛిన్నమై కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ఆ దుర్ఘటనకు స్లైడ్ ఒక్కటే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. కాని నిజం స్లైడ్‌పై ఉన్నది, అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చదివినవారికి తెలియవలసినది తెలియలేదు. అసమర్థతను కప్పిపుచ్చాలన్న ఉద్దేశం అక్కడ ఉన్నదని చెప్పడానికి ఆధారం లేదు. వాత్స్యాయనుని హేతువు ఇక్కడ పూర్తిగా సరిపోదు. ఉద్దేశం లేకుండానే అదే ఫలితం కలగగలదన్న చేర్పు అవసరం.

దీనికి భిన్నమైన సెమినార్ 2011 సెప్టెంబరు 23న జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో జరిగింది. ఓపెరా బృందం, సుమారు 730 కిలోమీటర్ల దూరం ప్రయాణించిన న్యూట్రినోలు కాంతి కంటె 60 నానోసెకన్లు ముందుగా చేరినట్లు తమ కొలత చూపుతున్నదని ప్రకటించింది. కొలత పద్ధతిని, కాలాన్ని దూరాన్ని లెక్కించిన తీరును, దోషపరిమితులను మెట్టు మెట్టుగా వివరించి, తప్పు ఎక్కడుందో తాము కనుగొనలేకపోయామని, ఇతరులు పరిశీలించాలని కోరింది. 2012లో ఒక ఆప్టికల్ ఫైబర్ తీగ సరిగా బిగించి లేదని తేలింది. ఫలితం తప్పు, ప్రసంగం ఒప్పు. ఆ ఒప్పుకు బృందం చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. నాయకత్వ బాధ్యతల్లో ఉన్న ఇద్దరు ఆ ఏడాదే పదవులు వదులుకున్నారు. ఖండనకు తెరిచిపెట్టిన వక్తకు రక్షణ ఇవ్వని సంస్థలు విద్యార్థుల నుంచి నిర్భయతను కోరడంలో కొంత కపటం ఉంది.

భాష వల్ల కలిగే భ్రమ

తెలుగు మాధ్యమంలో చదివి పరిశోధనకు వచ్చిన విద్యార్థి ఆంగ్లంలో ప్రసంగించవలసి వచ్చినప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. ఆంగ్లంలో ధారాళంగా మాట్లాడేవారి ప్రసంగం స్పష్టమైనదిగా, తడబడేవారిది అస్పష్టమైనదిగా చలామణి అవుతుంది. ధారాళత స్పష్టత కాదు. ‘ఎంట్రోపీ పెరుగుతుంది’ అన్న వాక్యాన్ని దాని అర్థం తెలియకుండానే ఏ తడబాటూ లేకుండా పలకవచ్చు. అదే విషయాన్ని ఇంట్లో అమ్మమ్మకు కాకపోయినా ఇంటర్మీడియట్ చదివే తమ్ముడికి తెలుగులో చెప్పవలసి వస్తే, ఆ పదం వెనుక ఉన్న అమరికల లెక్క అంతా విప్పక తప్పదు. ప్రసంగాన్ని ముందుగా మాతృభాషలో చెప్పి చూసుకోవడం ఈ కారణం వల్ల ప్రయోజనకరం. ఎక్కడ ఆంగ్లపదం లేకుండా వాక్యం కదలదో అక్కడ రెండింటిలో ఒకటి జరిగి ఉంటుంది: ఆ పదం అనివార్యమైన పారిభాషికమైనా కావాలి, లేదా వక్తకు ఆ విషయం పూర్తిగా పట్టుబడనైనా లేదు.

తెలుగులో చెబితే చాలు స్పష్టత దానంతట వస్తుందన్నది కూడా భ్రమే. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినది విజ్ఞానం సామాన్య పాఠకుడికి అందాలని. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాల కృషి కూడా ఆ దిశలోదే. కాని ఏ సంస్కృతసమాసమైనా నిర్వచనం లేకుండా వస్తే అది ఆంగ్ల సంక్షిప్తనామం చేసే పనే చేస్తుంది. ఈ విషయంలో సాహిత్యవిభాగాలు విజ్ఞానశాస్త్ర విభాగాలకు పాఠం చెప్పగల స్థితిలో లేవు. వినిర్మాణం, ఆధిపత్య భావజాలం, అస్తిత్వ చైతన్యం వంటి మాటలు వ్యాసాల్లో ఎన్నిసార్లు నిర్వచనంతో వస్తున్నాయో, ఎన్నిసార్లు అప్రతీతప్రయోగాలుగా వస్తున్నాయో పరిశీలించదగినదే.

సభ బాధ్యత

న్యాయశాస్త్రం వక్త ఒక్కడినే కట్టివేయలేదు. వాది మూడుసార్లు చెప్పి, సభకు అర్థమైన వాక్యాన్ని ప్రతివాది తిరిగి చెప్పలేకపోతే ‘అననుభాషణం’ అనే నిగ్రహస్థానం ప్రతివాదికి చెందుతుంది. ఖండించదలచినవాడు ముందుగా ఖండించబోయేదాన్ని తన మాటల్లో చెప్పగలగాలి. సెమినార్‌లో ప్రశ్న వేసేవారు ‘మీరు చెప్పినది ఇది అని అర్థమైంది, సరేనా?’ అని మొదలుపెట్టే ఆచారం ఉంటే ప్రశ్నల్లో సగం వాటంతటవే చక్కబడతాయి. తమ పాండిత్యాన్ని ప్రదర్శించడానికి వేసే ప్రశ్నలు చాలావరకు ఆ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాయి. కొన్ని విభాగాల్లో మొదటి ప్రశ్నలు విద్యార్థులే అడగాలని, ఆచార్యులు ఆ తరువాతే అడగాలని నియమం పెట్టుకుంటున్నారు. అర్థం కాలేదని చెప్పడానికి తక్కువ మూల్యం చెల్లించేవారు మొదట చెప్పే వీలు అందులో ఉంది. సభాధ్యక్షుడు ప్రసంగం మధ్యలోనే ఒకసారి ఆపి ఈ గుర్తుకు అర్థమేమిటని తానే అడగడం ఇంకా మంచిది. ఆచార్యుడికే తెలియలేదన్న ధైర్యంతో పదిమంది ఊపిరి పీల్చుకుంటారు.

అర్థమై కూడా మాట్లాడని శ్రోతల దోషం వీటన్నిటికంటె బరువైనది. 1935 నాటి సభలో చంద్రశేఖర్‌కు అక్కడికక్కడే జవాబు చెప్పే అవకాశం దక్కలేదు. ఆ తరువాత ఆయన భౌతికశాస్త్రవేత్తల సహాయం కోరాడు. రోసెన్‌ఫెల్డ్, బోర్, పౌలీ వంటివారు ఎడింగ్టన్ వాదంలో పస లేదని ఆంతరంగికంగా అంగీకరించారు. ఆ మాటను బహిరంగంగా ప్రకటించడానికి ముందుకు రాలేదు. దోషం కనిపించినా ఎత్తి చూపకుండా వదిలివేయడాన్ని న్యాయసూత్రాలు ‘పర్యనుయోజ్యోపేక్షణం’ అన్నాయి. 22 నిగ్రహస్థానాల్లో ఇది విలక్షణమైనది. దోషం చేసినవాడు తన దోషాన్ని తానే బయట పెట్టుకోడు, ఉపేక్షించినవాడు దాన్ని చూడనట్లే ఉండిపోయాడు. మరి ఈ ఓటమిని ప్రకటించేది ఎవరని భాష్యకారుడు ఆలోచించాడు. ఎవరు ఓడారని అడిగినప్పుడు ఆ మాట చెప్పవలసినది పరిషత్తేనని ఆయన నిర్ణయం.